వడ్ల లెక్కకు ఒక డిగ్రీ

మన రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలకూ ఎకనామిక్స్ పంతుళ్ల పేర్లే ఉన్నాయి. గుంటూరు దగ్గరి విశ్వవిద్యాలయానికి పేరైన ఆచార్య ఎన్.జి. రంగా ఆక్స్‌ఫర్డ్‌లో ఎకనామిక్స్ చదివి వచ్చి, మద్రాసు పచ్చయప్ప కాలేజీలో ఆ పాఠమే చెప్పారు. రాజేంద్రనగర్ విశ్వవిద్యాలయానికి పేరైన కొత్తపల్లి జయశంకర్ సార్ ఉస్మానియాలో ఎకనామిక్స్‌లోనే పీహెచ్‌డీ చేశారు. 2024 అక్టోబర్‌లో అక్కడికి వైస్ చాన్స్‌లర్‌గా వచ్చిన అల్దాస్ జానయ్య గారు కూడా వ్యవసాయ ఆర్థికవేత్తే. ఇంత ఉన్నా, ఇంటర్ పాసైన పిల్లవాడు వచ్చి వ్యవసాయ అర్థశాస్త్రంలో డిగ్రీ చదువుతానంటే ఈ రెండు చోట్లా సీటు లేదు. అసలు ఆ కోర్సే లేదు. ఎమ్మెస్సీలో ఉంది, పీహెచ్‌డీలో ఉంది. వాటి దాకా పోవాలంటే ముందు నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్ చదవాలి. అది చదవాలంటే ఇంటర్‌లో బైపీసీ తీసుకుని ఉండాలి, పైన ఎప్‌సెట్ ర్యాంకు కావాలి.

నేను ఉండేది చొప్పదండిలో. జూనియర్ కాలేజీలో సీఈసీ, హెచ్ఈసీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తాను. ఇంట్లో వ్యవసాయం మా ఆయన చూసుకుంటాడు, లెక్కలు నేను రాస్తాను. ఎవరి పని ఎక్కువ కష్టమో ఇంకా తేలలేదు. గంగాధర వైపు నుంచి, రామడుగు వైపు నుంచి బస్సుల్లో వచ్చే నా పిల్లల్లో పొలం తెలియని ఇల్లు అరుదు. వరి కోతల వారంలో హాజరు పట్టీ చూస్తే చాలు, ఏ ఊళ్లో హార్వెస్టర్ తిరుగుతోందో చెప్పగలను. ఇంటర్ అయిపోగానే వీళ్లు డిగ్రీ ప్రవేశాల 'దోస్త్'లో ఆప్షన్లు పెట్టుకుంటారు. ఎక్కువమంది పెట్టేది బీకాం కంప్యూటర్స్. ఎందుకు బిడ్డా అంటే, "అందుల కంప్యూటర్స్ ఉంది కద మేడం" అంటారు. అంతకు మించి కారణం వాళ్లకూ తెలియదు, వాళ్ల ఇంట్లోనూ తెలియదు.

బీకాం మీద నాకు కోపం లేదు. కానీ ఉత్తర తెలంగాణలో పంట పండించడం నేర్పడానికి మనుషులున్నారు. పండిన పంటలోంచి పోయేది ఎక్కడెక్కడ పోతోందో లెక్కకట్టి చూపే మనిషే లేడు. ఆ మనిషిని తయారు చేసే డిగ్రీ ఒకటి కరీంనగర్‌లోనో జగిత్యాలలోనో పెట్టాలి. అందులోకి బైపీసీ పిల్లలతో పాటు నా సీఈసీ పిల్లల్నీ రానివ్వాలి. నేను అడిగేది ఇంతే.

పండించడం నేర్పేవాళ్లకు కొదవ లేదని ఊరికే అనలేదు. జగిత్యాల పక్కన పొలాసలో పరిశోధన స్థానం ఉంది, వ్యవసాయ కళాశాల ఉంది. జగిత్యాల సన్నాలు అక్కడ పుట్టినవే. సుడిదోమ వస్తే ఏం కొట్టాలో, జింకు లోపిస్తే ఆకు ఎట్లా మారుతుందో చెప్పడానికి వ్యవసాయ విస్తరణాధికారులు (ఏఈవోలు) ఉన్నారు, ఫోన్‌లో వాట్సాప్ గ్రూపులున్నాయి, ఎరువుల దుకాణం సేటు ఉండనే ఉన్నాడు. బీఎస్సీ అగ్రికల్చర్‌లో ఎకనామిక్స్ అసలే లేదని కూడా అనను. మూల సూత్రాలు, పంట రుణాలు-సహకారం, మార్కెటింగ్-ధరలు, క్షేత్ర యాజమాన్యం అని నాలుగేళ్లలో నాలుగైదు పేపర్లు ఉంటాయి. నేలల శాస్త్రం, కీటక శాస్త్రం, తెగుళ్ల శాస్త్రం, విత్తన శాస్త్రాల మధ్య అవి బస్సులో నిలబడి ప్రయాణం చేసినట్టు చేస్తాయి. ఇంటర్‌లో లెక్కలు వదిలేసి వచ్చిన బైపీసీ పిల్లలకు వాటి మీద ప్రేమ పుట్టకపోతే తప్పు వాళ్లది కాదు.

మా సీఈసీ క్లాసులో పరిస్థితి మరోలా ఉంటుంది. సెకండియర్ పుస్తకంలో వ్యవసాయ రంగం అని ఒక పాఠం ఉంది. వ్యవసాయ ఉత్పాదకత తక్కువగా ఉండటానికి కారణాలు రాయమంటే పిల్లలు గడగడా రాసేస్తారు. వర్షాధారం, చిన్న కమతాలు, సంస్థాగత లోపాలు. మార్కులూ పడతాయి. వాళ్ల ఇంట్లో వడ్లు అమ్మితే చేతికెంత వచ్చిందని అడిగితే మాత్రం తెలియదు. తెలియదంటే అడగలేదని కాదు, బాపుకే సరిగ్గా తెలియదు. అందుకని ఒకరోజు పుస్తకం మూసి బోర్డు మీద ఒక ఎకరం వేశాను.

ఎకరానికి 25 క్వింటాళ్లు పండిందనుకుందాం. 2025-26కి ఏ-గ్రేడ్ వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. మొత్తం 59,725. ఇంతవరకు అందరికీ వచ్చింది. ఇప్పుడు తరుగు. 40 కిలోల బస్తాకు రెండు కిలోలు కోశారనుకుందాం. కాంటా దగ్గర కోశారా, మిల్లు దగ్గర కోశారా అన్నది పక్కన పెడదాం. వరి వేసిన ఏ ఊళ్లో అడిగినా ఈ అంకె ఎవరికీ కొత్తగా అనిపించదు. బస్తాకు రెండు కిలోలంటే నూటికి ఐదు. ఎకరం మీద క్వింటాలుంబావు వడ్లు. డబ్బుల్లో 2,986 రూపాయలు. తర్వాత మిత్తి. నాట్లకు ముందు సేటు దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తికి 30 వేలు తెచ్చారు. ఆరు నెలలకు 3,600. అవే 30 వేలు బ్యాంకులో పంట రుణంగా తీసుకుని గడువులోపు కట్టేస్తే, కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీలు పోను ఏడాదికి నూటికి నాలుగే పడుతుంది. ఆరు నెలలకు 600. తేడా మూడు వేలు. తరుగూ మిత్తి తేడా కలిపితే 5,986 రూపాయలు. రైతు భరోసా కింద ప్రభుత్వం ఒక పంటకాలానికి ఎకరానికి ఇచ్చేది ఆరు వేలు.

క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. ఎక్కడ! వెనక బెంచీలోంచి ఒకడు, "అంటే సర్కారు ఇచ్చిన దాంట్ల మాకు మిగిలేది పద్నాలుగు రూపాలా మేడం?" అన్నాడు. అందరూ నవ్వారు. ముందు వరసలో ఒక అమ్మాయి తలెత్తకుండానే, "మాకు గవ్వి గూడ రావు మేడం, మాది కౌలు" అంది.

ఆ అమ్మాయి చెప్పిన దాంట్లో ఒక సెమిస్టర్ పాఠం ఉంది. రైతు భరోసాకు ముందున్న రైతుబంధు పథకం 2018 మే 10న మా జిల్లాలోనే, హుజూరాబాద్ దగ్గర మొదలైంది. డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది. దున్నే మనిషి పేరు ఎక్కడా లేదు. ఉమ్మడి రాష్ట్రంలోనే 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చింది. కార్డిస్తే భూమి పోతుందేమోనని భూయజమానికి భయం, కార్డు అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వడేమోనని కౌలుదారుకు భయం. ఈ రెండు భయాల మధ్య చట్టం కాగితంగా మిగిలింది. ఎకరానికి సాయం వస్తుందని తెలిశాక కౌలు రేటు పెరుగుతుందా పెరగదా, పెరిగితే ఎంత, ఎవరికి చేరాల్సింది చివరికి ఎవరి జేబులోకి చేరింది అన్నది ఊళ్లో కూర్చుని అడిగి రాసుకోవాల్సిన విషయం. అడిగేవాళ్లు లేరు కాబట్టే ఈ వాదన ప్రతి ఎన్నికలకూ మైకు ముందు తేలుతుంది.

తేమ సంగతి కూడా చెప్పాలి. కొనుగోలు కేంద్రంలో వడ్లకు 17 శాతం దాకా తేమ ఒప్పుకుంటారు. మీటర్‌లో 20 చూపిస్తే ఎండబెట్టుకు రమ్మంటారు. రైతు రోడ్డు మీదో కల్లంలోనో ఆరబోస్తాడు, రాత్రి టార్పాలిన్ కప్పుకుంటూ కాపలా పడుకుంటాడు. ఆ ఎండలో పోయేది నీళ్లే, కానీ బరువు రైతుది. నూరు కిలోల వడ్లు 20 నుంచి 17కు దిగేసరికి 96 కిలోల 400 గ్రాములవుతాయి. లెక్క కష్టమేమీ కాదు. నూరు కిలోల్లో గింజ 80 కిలోలు. తేమ 17 ఉన్నప్పుడు ఆ 80 కిలోలు మొత్తంలో నూటికి 83 వంతులు కావాలి. 80ని 83తో భాగించి నూరుతో గుణించాలి. పదో తరగతి చాలు. అంటే 40 కిలోల బస్తాకు దాదాపు కిలోన్నర రైతు తన కల్లంలోనే వదిలేసి వచ్చాడు. వచ్చాక కూడా తేమ పేరు చెప్పి బస్తాకు రెండు కిలోలు తీస్తే ఒకే నీటికి రెండుసార్లు ధర కట్టినట్టు. నా పిల్లలు ఈ లెక్క ఇంటికి తీసుకెళ్లారు. ఒకడి బాపు కాంటా దగ్గర అడిగాడట. "ఈ లెక్కలు కరీంనగర్‌ల చెప్పుకో పో" అన్నారట. కరీంనగర్‌లో ఎవరికి చెప్పాలి? చెప్తే వినడానికి ఆ కుర్చీలో కూర్చున్న మనిషికైనా ఈ లెక్క రావాలి కదా.

ఇంకొంచెం పైకి వెళ్తే మద్దతు ధర లెక్క. వ్యవసాయ వ్యయ, ధరల కమిషన్ 1965లో పుట్టింది. 2025-26కి సాధారణ రకం వడ్లు క్వింటాలు పండించడానికి 1,579 రూపాయలు ఖర్చవుతుందని లెక్కేసి, దానికి ఒకటిన్నర రెట్లుగా 2,369 ఇచ్చారు. ఆ 1,579లో విత్తనం, ఎరువు, కూలి, ట్రాక్టర్ కిరాయి ఉన్నాయి, ఇంటి మనుషుల చాకిరీకి కట్టిన విలువ ఉంది. సొంత భూమిని కౌలుకిస్తే వచ్చే విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ లేవు. అవి కూడా కలిపిన ఖర్చును సీ2 అంటారు. స్వామినాథన్ కమిషన్ పేరు చెప్పి రైతు సంఘాలు అడిగేది దాని మీద ఒకటిన్నర రెట్లు. కౌలుదారు చేతి నుంచి కట్టిన కౌలు మొదటి లెక్కలోనే చేరుతుంది, నిజమే. కానీ సగటు తీసేది దేశంలోని రైతులందరి మీద. సొంత భూమి ఉన్నవాళ్ల లెక్కల్లో కౌలు సున్నా కాబట్టి, ముందు వరసలోని ఆ అమ్మాయి ఇంట్లో అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఢిల్లీ చేరేసరికి పలచబడి కనపడకుండా పోతుంది. ఈ అంకెల కోసం ఊళ్లకు పోయి, రైతు ఇంటి అరుగు మీద కూర్చుని, ఏ రోజు ఎంతమంది కూలీలొచ్చారో రాసుకొచ్చేది విశ్వవిద్యాలయాల ఎకనామిక్స్ విభాగాల మనుషులు. ఆ పని మన పిల్లలు చేస్తే ఏ ఇంట్లో కౌలు నోటిమాటగా నడుస్తోందో వాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

2021-22 యాసంగి గుర్తుందా? వరి వేస్తే ఉరే అన్న మాట అప్పుడు ఊరూరా తిరిగింది. ఉప్పుడు బియ్యం తీసుకునేది లేదని కేంద్రం, పచ్చి బియ్యం ఇవ్వలేమని రాష్ట్రం. టీవీలో దీన్ని ఢిల్లీ-హైదరాబాద్ కొట్లాటగానే చూశాం. కొట్లాట వెనక ఒక గింజ ఉంది. మా దగ్గర యాసంగి పంట ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తుంది. ఆ వేడికి గింజ లోపల పగుళ్లిస్తుంది. పచ్చి బియ్యంగా ఆడిస్తే నూకలెక్కువ వస్తాయి, ఉడకబెట్టి ఆడిస్తే నిలుస్తుంది. అందుకే యాసంగి వడ్లు ఉప్పుడు బియ్యం మిల్లులకు పోయేవి. ఉప్పుడు బియ్యం తినే రాష్ట్రాలు తమ అవసరానికి తామే పండించుకోవడం మొదలుపెట్టాక మన సరుకుకు గిరాకీ తగ్గింది. ఈ మాట నాట్లకు ఏడాది ముందే చెప్పగలిగితే కొందరైనా వేరే పంటకు మళ్లేవారు. అదే చెప్పడానికి రాజేంద్రనగర్‌లో మార్కెట్ ధరల అంచనా కేంద్రం ఉంది. దాని అంచనాలు పేపర్లో లోపలి పేజీలో వస్తాయి. వాటిని చదివి, చొప్పదండి నేలకూ కాలువ నీళ్లకూ అన్వయించి, సింగిల్ విండో (సహకార సంఘం) మీటింగ్‌లో లేచి నిలబడి చెప్పేవాడు లేడు. చివరికి 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో ధర్నా అయింది, మర్నాడు రాష్ట్రమే అన్నీ కొంటామంది. వేసవంతా రైతు కల్లంలో ఉన్నాడు.

రాజకీయం అంటారని తెలిసినా కాళేశ్వరం ఎత్తిపోతల మాట ఎత్తక తప్పదు. గాయత్రి పంప్‌హౌస్ మా పక్క మండలం రామడుగులోని లక్ష్మీపూర్‌లోనే ఉంది. భూమి లోపల అంత పెద్ద మోటార్లు తిరుగుతుంటే చూడ్డానికి జనం బస్సులు కట్టుకుని వచ్చారు, నేనూ పిల్లల్ని తీసుకెళ్లాను. ఇంజినీరింగ్ గురించి అడిగారు, కరెంటు గురించి అడిగారు. ఎత్తిపోసిన నీళ్లు ఎకరానికి ఎంత పడతాయని, ఆ ఎకరంలో పండేది ఎంతని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న 2024లో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదికలో వచ్చింది. రూపాయి పెడితే రూపాయిన్నర వస్తుందని ప్రాజెక్టు నివేదిక అంటే, పెరిగిన ఖర్చుతో చూస్తే 52 పైసలే వస్తుందని కాగ్ లెక్క తేల్చింది. దాని మీద ఎవరి వాదన వాళ్లకుంది. నాకు ఆశ్చర్యం కలిగించింది వేరే. లాభ-వ్యయ నిష్పత్తి అనేది వ్యవసాయ అర్థశాస్త్రం చదివేవాళ్లకు మొదట్లోనే వచ్చే పాఠం. ఏ పంట విలువ కలిపారు, కరెంటు ఖర్చు ఏ రేటున వేశారు అని విడదీసి అడగ్గలిగినవాళ్లు జిల్లాకు పదిమంది ఉంటే, ఈ చర్చ పంపులు బిగించాక కాదు, బిగించకముందే మా ఊళ్లో జరిగేది.

ఈ చదువు మన నేలకు కొత్తదేమీ కాదు. మన పల్లెలు ప్రపంచానికి దీన్ని నేర్పాయి. ఇక్రిశాట్ 1975లో గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఊళ్లలో పాలమూరు జిల్లా ఔరేపల్లి, దోకూరు ఉన్నాయి. ఏళ్ల తరబడి అక్కడి కుటుంబాలు ఏం పండించాయి, ఎంత అప్పు తెచ్చాయి, కరువు ఏడు ఏం అమ్ముకున్నాయి అని రాసుకున్నారు. ఆ లెక్కల మీద అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఎన్ని పీహెచ్‌డీలొచ్చాయో, ఎంత పేరున్న పరిశోధన పత్రాలు అచ్చయ్యాయో. ఔరేపల్లి పేరు ఎకనామిక్స్ చదివిన అమెరికా వాడికి తెలిసి ఉండొచ్చు. మా కాలేజీలో అడగండి, ఒక్క చెయ్యి లేవదు. ఇక మన పాత కరీంనగర్ జిల్లా మనిషే ఆర్థికవేత్త చెన్నమనేని హనుమంతరావు గారు. భూమి పన్ను మీద 1966లో, కొత్త వ్యవసాయ పరిజ్ఞానం తెచ్చిన లాభం ఎవరికి ఎంత చేరిందన్న దాని మీద 1975లో పుస్తకాలు రాశారు. ప్రణాళికా సంఘం సభ్యుడిగా చేశారు. వాటర్‌షెడ్ పనులు ఎట్లా చేయాలో 1994లో దేశానికి దారి చూపిన కమిటీ ఆయనదే. జిల్లాలో ఆయన ఇంటిపేరు చెప్తే రాజకీయాల్లోకి వెళ్లిన అన్నదమ్ముల్ని గుర్తుపడతారు, ఈయన్ని కాదు.

1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టిన తొలి రోజుల్లో దానికి తోడు నిలిచింది అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ. అక్కడ గోధుమలు పండించే, పశువులు పెంచే రైతుల పిల్లలు ఇంటర్ లాంటిది అవగానే నేరుగా వ్యవసాయ ఎకనామిక్స్ డిగ్రీలో చేరతారు. మనం వాళ్ల సెమిస్టర్లు తెచ్చుకున్నాం, గ్రేడ్లు తెచ్చుకున్నాం, ఆ డిగ్రీని మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం. అంత దూరం ఎందుకు, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో త్రిస్సూరు పక్కన వెళ్లానిక్కరలో సహకారం-బ్యాంకింగ్ పేరుతో డిగ్రీ నడుస్తోంది. కోయంబత్తూరులో అగ్రిబిజినెస్ డిగ్రీ ఉంది. ఈ విత్తనం ఇంత దగ్గర్లో మొలకెత్తుతుంటే తెచ్చుకోవడానికి మనకేం అడ్డం?

అడ్డం ఏమిటో ఒక తండ్రి ప్రశ్నలో తెలిసింది. "చదువు మంచిదే మేడం, నౌకరి వస్తదా?" ఆయన్ని తప్పుపట్టను. ఆయనకు చెప్పిందే ఇక్కడా చెప్తాను. వ్యవసాయాధికారి (ఏవో) పోస్టు రాదు, అది బీఎస్సీ అగ్రికల్చర్ వాళ్లది, వాళ్లదిగానే ఉండాలి. బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి పోస్టులున్నాయి. వాటికి ఐబీపీఎస్ అడిగేది నాలుగేళ్ల డిగ్రీ. అర్హతల జాబితాలో వ్యవసాయంతో పాటు వ్యవసాయ మార్కెటింగ్-సహకారం, సహకారం-బ్యాంకింగ్, అగ్రిబిజినెస్ పేర్లు కూడా ఉంటాయి. కేరళ పిల్లలు అట్లాగే వెళ్తున్నారు. కాబట్టి ఎవరైనా మూడేళ్ల బీఏకు అందమైన కొత్త పేరు తగిలించి దోస్త్‌లో పెడితే అది మోసమే, మొదట వద్దనేది నేనే. కోర్సు నాలుగేళ్లది కావాలి, పట్టా మీద పేరు నోటిఫికేషన్లలో ఉన్న పేరుతో సరిపోవాలి. ఈ చిన్న సంగతి చూసుకోక ఎంతమంది పిల్లలు సర్టిఫికెట్ పట్టుకుని తిరుగుతున్నారో మాలాంటి వాళ్లకు తెలుసు.

బ్యాంకు ఒక్కటే కాదు. ప్రాథమిక సహకార సంఘాల్ని కంప్యూటరీకరించాలని కేంద్రం 2022లో నిర్ణయించింది. 2020లో పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టే పథకం తెచ్చింది. బోర్డు కట్టి, ఫొటో దిగి, ఆ తర్వాత ఏం అమ్మాలో, ఎంత మార్జిన్ వేయాలో, గోదాములో సరుకు ఎన్నాళ్లు ఉంచితే మిత్తి తినేస్తుందో తెలియక పడుకున్న సంఘాల్ని చూశాను. వాటికి ఎంబీఏ చదివిన పట్నం పిల్లవాడు రాడు. వచ్చినా వడ్లకూ బియ్యానికీ మధ్య తరుగు ఎంతో తెలియదు.

సంఘం నడపడం మన జిల్లావాళ్లకు చేతకాదని ఎవరైనా అంటే ముల్కనూరు పోయి చూడాలి. భీమదేవరపల్లి మండలం, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో కలిసింది గానీ నిన్నమొన్నటిదాకా కరీంనగర్‌దే. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు పెట్టిన సహకార సంఘం అది. అప్పు ఇచ్చేదీ, ఎరువు ఇచ్చేదీ, పంట కొనేదీ అదే. రైతు చేతిలో విత్తన వడ్లు పండించి, శుద్ధి చేసి, అమ్మి, లాభం సభ్యులకు పంచుతారు. అప్పును పంటతో కట్టేస్తారు కాబట్టి సేటు మిత్తికి అక్కడ చోటు లేదు. ఆడవాళ్లు పాల డెయిరీ పెట్టుకుని విడిగా నడుపుతున్నారు. దీన్ని చూసిపోవడానికి ఎక్కడెక్కడి వాళ్లో బస్సుల్లో వస్తారు. అరవై ఏళ్లు దాటిన ఆ లెడ్జర్లు ఏ విశ్వవిద్యాలయానికైనా లైబ్రరీ లాంటివి. పక్క మండలంలో అలాంటి సంఘం ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు జవాబు అందులో దొరకొచ్చు. వెతికే విద్యార్థి కావాలి.

లెక్కల సంగతి కూడా ఎత్తుతారు. సీఈసీ పిల్లలకు గణితం రాదు, గణాంకాలు ఎట్లా నేర్పుతారని. మిత్తి, గుంటలు, బస్తాలు, తేమ, కూలి పంపకాలు అన్నీ నోటితో చేసే పిల్లలకు గణితం రాదని నేను ఒప్పుకోను. అక్షరాల్లో రాసిన గణితం భయం, అంతే. మొదటి సెమిస్టర్ మొత్తం దానికే కేటాయించాలి. తెలుగులో మొదలుపెట్టి మెల్లగా ఇంగ్లిష్ పుస్తకాల్లోకి తేవాలి. ఎంపీసీ చదివి ఇంజినీరింగ్ ఫీజు కట్టలేక ఆగిన రైతు పిల్లలు కూడా ఇందులోకి వస్తారు. వాళ్లు పక్కన ఉంటే మావాళ్లు ఇంకా తొందరగా నేర్చుకుంటారు. బీఎస్సీ అగ్రికల్చర్‌లో రైతు పిల్లలకు 40 శాతం కోటా ఉంది. ఇక్కడ కూడా అట్లాంటిది పెట్టి, పట్టా భూమి లేని కౌలుదారుల, కూలీల పిల్లలకు అందులో చోటు చూపించాలి. పాస్‌బుక్ అడిగితే ముందు వరసలో కూర్చున్న ఆ అమ్మాయి మళ్లీ బయటే ఉంటుంది.

ప్రతి డిగ్రీ కాలేజీలో పెట్టమని అడగను. పెడితే రెండేళ్లలో చెడగొడతారు, సీట్లు మిగిలిపోతాయి, ఎకనామిక్స్ పాఠం కంప్యూటర్ సార్ చెప్తాడు. ఒక్కటి చాలు, నలభై మంది చాలు. వ్యవసాయం చెప్పే వాళ్లు పొలాసలో ఉన్నారు, ఎకనామిక్స్ శాతవాహన విశ్వవిద్యాలయంలో ఉంది. రెండూ కలిసి నడిపితే కొత్త భవనం కూడా అక్కర్లేదు. ఏ విశ్వవిద్యాలయం పట్టా ఇవ్వాలన్న దగ్గరే గొడవ మొదలవుతుందని నాకు తెలుసు. ఆ గొడవ హైదరాబాద్‌లో కూర్చుని తేల్చుకోవచ్చు, వాళ్లకు అందులో అనుభవం ఉంది.

ఒక్క షరతు మాత్రం వదులుకోవద్దు. బీఎస్సీ అగ్రికల్చర్ పిల్లలు చివరి ఏడాది ఊళ్లలో ఉండి రైతులతో పనిచేసినట్టే, ఈ పిల్లలు ఒక పంటకాలం మొత్తం ఒకే చోట ఉండాలి. ఒకరు ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో, ఒకరు సింగిల్ విండోలో, ఒకరు జమ్మికుంట పత్తి యార్డులో. పత్తికి తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. ఆ నాలుగు శాతం మధ్య ఎవరి పత్తిని ఎవరు ఎంతకు కొన్నారో రోజూ రాసుకోవాలి. ఏ లారీ ఎన్ని రోజులు ఆగింది, గన్నీ సంచులు ఎప్పుడొచ్చాయి, హమాలీకి బస్తాకు ఎంత పోయింది, డబ్బు ఖాతాలో ఎప్పుడు పడింది. రాసింది ప్రొఫెసర్‌కు ఇచ్చి మార్కులు వేయించుకుని ఊరుకుంటే లాభం లేదు. పంటకాలం అయ్యాక అదే ఊళ్లో గ్రామసభ పెట్టి, వడ్లు పోసిన రైతుల ముందు, కాంటా వేసినవాళ్ల ముందు ఆ డైరీ చదివించాలి. లెక్క తప్పితే అక్కడే లేచి చెప్తారు. మావాళ్లకు ఆ విషయంలో మొహమాటం ఉండదు.